ఐదో ఏట చేతికొచ్చే పంట

ఇటలీలోని మోంతాల్చీనో కొండ మీద 2019 సెప్టెంబరులో తెంపిన ద్రాక్ష వైన్‌గా మారి అంగడికి రావడానికి 2024 జనవరి 1 దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో కనీసం రెండేళ్లు చెక్క పీపాలో, నాలుగు నెలలు సీసాలో మగ్గాలి. ‘రిజర్వా’ అని పేరు పెట్టుకోవాలంటే మరో ఏడాది అదనం. ఇది ఆ ఊరి ఆచారం మాత్రమే కాదు, చట్టం కూడా. చేతి నుంచి పెట్టుబడి పెట్టిన రైతు నాలుగేళ్లకు పైగా పంటను నేలమాళిగలో దాచుకుని కూర్చోవడమంటే మాటలు కాదు. బ్రునెల్లో ది మోంతాల్చీనో అన్న ఆ ఎర్ర వైన్ రుచి కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వస్తుంటారు. వైన్ ముట్టనివారు కూడా వచ్చి చూడదగ్గ వింత ఇక్కడ ఒకటుంది. అది ఈ ఊరి ఓపిక. వీధుల్లో తిరిగేకొద్దీ, చరిత్ర తిరగేసేకొద్దీ అది ద్రాక్షతో మొదలైన గుణం కాదని తెలుస్తుంది.

టస్కనీ ప్రాంతంలో, సియెనా నగరానికి దక్షిణంగా సుమారు 40 కిలోమీటర్ల దూరంలో, సముద్రమట్టానికి 564 మీటర్ల ఎత్తున ఉంటుంది మోంతాల్చీనో. బువొన్‌కొన్వెంతో దాటాక రోడ్డు మెలికలు తిరుగుతూ కొండెక్కుతుంది. ఇంత పేరున్న వైన్ ఊరు కదా, కనుచూపు మేర ద్రాక్షే ఉంటుందనుకుంటాం. ఉండదు. బ్రునెల్లోకు గీసిన హద్దుల లోపల సుమారు 24 వేల హెక్టార్ల నేల ఉంటే, అందులో ద్రాక్షకు దక్కింది ఏడో వంతే. దాదాపు సగం అడవి. మిగిలింది ఆలివ్ చెట్లు, గోధుమ చేలు, గడ్డి భూములు. అడవి వదలని ఈ పొదుపే ఆ లోయకు అందం తెచ్చింది. మోంతాల్చీనోతో పాటు మరో నాలుగు ఊళ్ల పరిధిలో పరుచుకున్న ఓర్చా లోయను 2004లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. దక్షిణాన 1,738 మీటర్ల అమియాతా పర్వతం అడ్డంగా నిలబడి గాలివానల్నీ వడగళ్లనీ చాలావరకు ఆపేస్తుంది. ఏడాదికి పడే వాన సగటున 700 మిల్లీమీటర్లు.

హైదరాబాద్ చుట్టుపక్కల పందిరి ద్రాక్ష చూసిన కళ్లకు ఈ తోటలు కొత్తగా కనిపిస్తాయి. మన దగ్గర మనిషి పందిరి కింద నిలబడి తలెత్తి గుత్తులు కోస్తాడు. ఇక్కడ వరసగా పాతిన గుంజలకు తీగ లాగి, దాని వెంబడి మొక్కను పాకిస్తారు. గుత్తులు మోకాలికి కాస్త పైన వేలాడుతుంటాయి, వంగి కోయాలి. గింజ చిన్నది, తోలు మందం, రంగు నలుపెక్కిన నీలం. ఇంతకన్నా ఆశ్చర్యం కలిగించేది నడివేసవిలో జరిగే పని. మొక్కకు ఎక్కువైన పచ్చి గుత్తుల్ని కత్తిరించి అక్కడే నేల మీద వదిలేస్తారు. హెక్టారుకు ఎనిమిది టన్నులకు మించి దిగుబడి తీయకూడదు. మన లెక్కలో ఎకరానికి మూడు టన్నుల పైచిలుకు. కాసిన కాయను చేజేతులా పారేయడం చూస్తే ఏ రైతుకైనా ప్రాణం ఉసూరుమంటుంది. మిగిలిన నాలుగు గుత్తులకూ మొక్క బలమంతా అందాలన్నది వాళ్ల లెక్క.

ఊళ్లోకి అడుగు పెట్టగానే ఎదురయ్యేది కోట. మోంతాల్చీనో సియెనా ఏలుబడిలో స్థిరపడ్డాక 1361లో సియెనావాళ్లు కట్టించింది. ఐదు మూలల కట్టడం. అప్పటికే ఉన్న ఊరి ప్రాకారాన్నీ పాత బురుజుల్నీ కలుపుకునే కొత్త గోడలు లేపారు. ఇప్పుడు లోపలి విశాలమైన ముంగిట జులైలో జాజ్ కచేరీలు జరుగుతాయి. ఒక పక్కన వైన్ రుచి చూపించే దుకాణం ఉంది. టికెట్ కొనుక్కుని, ఇరుకు మెట్లూ నిచ్చెనలూ ఎక్కి ప్రాకారం మీదికి వెళ్తే, దక్షిణాన ఓర్చా లోయ, అమియాతా శిఖరం, ఉత్తరాన బంకమన్ను దిబ్బలు కనిపిస్తాయి. తేటగా ఉన్న రోజున సియెనా గోపురాలు కూడా లీలగా అగుపిస్తాయి. ఆ గోడ మీద నిలబడి సియెనా వైపు చూసేటప్పుడు 1555 నాటి కథ తెలిసుండాలి.

అప్పటికి టస్కనీలో ఫ్లోరెన్స్‌ను ఏలే మెదిచీ వంశానిది పైచేయి. స్పెయిన్‌ను కూడా ఏలే పవిత్ర రోమన్ చక్రవర్తి సేనలు వాళ్లకు అండ. 1553లో ఆ సేనలు మోంతాల్చీనోను ముట్టడించి, నెలల తరబడి కాచుకుని కూర్చుని, చివరికి ఉత్త చేతులతో వెనుదిరిగాయి. మరుసటేడు సియెనా మీద పడ్డాయి. ఆకలితో మలమలమాడిన సియెనా 1555 ఏప్రిల్‌లో తలవంచింది. లొంగడం ఇష్టంలేని వందలాది కుటుంబాలు ఆడామగా పిల్లాజెల్లాతో సహా నగరం విడిచి నడుచుకుంటూ ఈ కొండెక్కాయి. ఇక్కడ ‘మోంతాల్చీనోలోని సియెనా గణరాజ్యం’ అని ప్రకటించుకుని, సొంత పాలకుల్ని ఎన్నుకుని, సొంత నాణేలు ముద్రించుకున్నాయి. రాజధాని పోయినా రాజ్యం పోలేదని నాలుగేళ్లు పట్టుబట్టి నిలిచాయి. 1559లో ఫ్రాన్స్, స్పెయిన్ రాజులు ఎక్కడో కూర్చుని కాతో-కాంబ్రెసీ ఒప్పందం మీద సంతకాలు చేశాక గానీ ఆ చివరి గణరాజ్యం మెదిచీల వశం కాలేదు. సియెనా ఆ రుణం మరిచిపోలేదు. ఏటా జులై 2న, ఆగస్టు 16న జరిగే పాలియో గుర్రప్పందేల ముందు సాగే ఊరేగింపులో మోంతాల్చీనో జెండాకు నేటికీ గౌరవ స్థానం ఉంది.

కోట నుంచి దిగువకు నడిస్తే పోపొలో చౌక్ వస్తుంది. చౌక్ అంటే పెద్ద మైదానమేమీ కాదు, వీధి కాస్త వెడల్పయిన చోటు. ఒక పక్కన కమానుల మండపం, ఇంకో పక్కన పాతకాలపు పురపాలక భవనం, దానిమీద నిటారుగా లేచిన సన్నటి గడియారపు బురుజు. ఈ భవనం గోడ దగ్గర ఒక్క అరగంటయినా నిలబడాలి. గోడకు చదరపు పింగాణీ పలకలు అతికించి ఉంటాయి. 1992తో మొదలుపెట్టి ఏటికొక పలక. ఒక్కో పలకనూ ఒక్కో చిత్రకారుడో, ఫ్యాషన్ డిజైనరో, మరో రంగం ప్రముఖుడో రూపొందించాడు. ఒకదానిమీద ద్రాక్ష గుత్తి, ఒకదానిమీద గీతలే. వాటిమీద సంవత్సరంతో పాటు చుక్కలు ఉంటాయి. కోత ముగిశాక వైన్ తయారీదారుల సంఘం ఆ ఏటి పంటకు ఒకటి నుంచి ఐదు దాకా చుక్కలు వేసి, గోడకెక్కించడం చాలా ఏళ్లపాటు ఆనవాయితీగా ఉండేది. 1997కు ఐదు చుక్కలు, 2004కు ఐదు, 2010కి ఐదు. 2002 పలక దగ్గరికి వచ్చేసరికి రెండే చుక్కలు. వానలతో పాడైన ఏడు అది. అమ్ముకోవాల్సిన సరుకు గురించి అమ్మేవాళ్లే ఊరి నడిబొడ్డున, నిండు చౌక్‌లో, చెరగని పింగాణీ మీద ‘ఈ ఏడు పంట అంతంతమాత్రం’ అని రాసి పెట్టడం నేను మరెక్కడా వినలేదు. ఏ ప్రకటనా తేలేని నమ్మకాన్ని ఆ రెండు చుక్కలు తెచ్చిపెట్టాయని నాకు గట్టిగా అనిపిస్తుంది.

ఇంతా చేసి, బ్రునెల్లో వయసు పెద్దదేం కాదు. అంతకు ముందు మోంతాల్చీనో అంటే మొస్కదెల్లో అనే తియ్యటి తెల్ల వైన్. ఫ్రాంచెస్కో రేది అనే వైద్యుడు 1685లో అచ్చయిన తన కావ్యంలో దాన్ని పొగిడాడు. ఎర్ర ద్రాక్షను మాత్రం అప్పట్లో టస్కనీ అంతటా లాగే రకరకాల ద్రాక్షలతో కలిపి వైన్ చేసి, పచ్చిగా ఉండగానే తాగేసేవారు. 19వ శతాబ్దం మధ్యలో క్లెమెంతె సాంతి అనే విద్యావంతుడు ఆ తీరు మార్చాలని చూశాడు. 1869లో అతని ‘బ్రునెల్లో’కు వ్యవసాయ ప్రదర్శనలో బహుమతి వచ్చింది. పని పూర్తి చేసినవాడు అతని మనవడు ఫెర్రుచ్చో బియోంది సాంతి. కుర్రవాడిగా ఉన్నప్పుడు గరిబాల్దీ దండులో చేరి 1866లో బెజ్జెక్కా పోరులో పాల్గొన్నాడు. ఇంటికి తిరిగొచ్చి గ్రెప్పో అనే తమ కమతంలో సాంజొవేజె అనే ఒక్క రకాన్నే పట్టుకున్నాడు. అందులోనూ మేలైన మొక్కల కొమ్మలు ఏరి అంట్లు కట్టాడు. ఆ ఒక్క ద్రాక్ష రసాన్నే, ఏదీ కలపకుండా, పెద్ద పీపాల్లో ఏళ్లకేళ్లు మగ్గనిచ్చాడు. ఇరుగుపొరుగంతా తొందరగా అమ్ముడయ్యే లేత వైన్ వైపు మొగ్గుతుంటే అతను ఎదురు దారి పట్టాడు. 1888 నాటి అతని సీసాలు కొన్ని వందేళ్లు దాటాక కూడా చెక్కుచెదరకుండా నిలిచాయి. 1994లో గ్రెప్పోలో ఆ కాపును తెరిచి నిపుణులకు రుచి చూపించారు కూడా.

ఫెర్రుచ్చో కొడుకు తాన్‌క్రెది హయాంలో రెండో ప్రపంచ యుద్ధం కొండదాకా వచ్చింది. 1944లో సేనలు దగ్గరపడుతుంటే అతను పాత కాపుల సీసాలన్నీ నేలమాళిగలో ఒక మూలకు చేర్చి, ఎదురుగా ఇటుక గోడ కట్టేశాడు. యుద్ధం దాటిపోయాక గోడ పగలగొట్టి చూస్తే అన్నీ భద్రం. పాత సీసాలో కాలక్రమంలో ఇగిరిపోయిన కాసింత వైన్‌ను అదే కాపు వైన్‌తో నింపి, కొత్త బిరడా బిగించే పద్ధతినీ ఆయనే మొదలుపెట్టాడు. 2010 కాపు సీసాలో లోటు పడితే 2010దే పోయాలి, మరొకటి ముట్టుకోకూడదు. 1969లో లండన్‌లోని ఇటలీ రాయబార కార్యాలయంలో అధ్యక్షుడు సరగాత్ రెండో ఎలిజబెత్ రాణికి ఇచ్చిన విందులో ఆ ఇంటి 1955 రిజర్వా వడ్డించారు. బ్రునెల్లో పేరు ఇటలీ దాటి మోగింది అప్పుడే.

ఆ రోజుల్లో ఊరు మాత్రం పేదదే. ఈ చుట్టుపక్కల భూమి చాలావరకు సగపాలు పద్ధతిన సాగయ్యేది. భూమి ఆసామిది, కష్టం రైతు కుటుంబానిది, పంటలో చెరిసగం. 1964లో ఇటలీ ప్రభుత్వం కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోవడాన్ని నిషేధించింది. ఫ్యాక్టరీల కూలి మీద ఆశతో అప్పటికే కుర్రకారు నగరాలకు తరలిపోతున్నారు. రాతి ఇళ్లకు తాళాలు పడ్డాయి. అలాంటి పాడుకాలంలో, 1966లో, బ్రునెల్లోకు ప్రభుత్వ గుర్తింపు వచ్చింది. మరుసటేడు తయారీదారులు సంఘం కట్టారు. అప్పటికి బ్రునెల్లో తోటలన్నీ కలిపినా వంద హెక్టార్లు లేవు. 1980లో ఇటలీ వైన్లకు ఇచ్చే అత్యున్నత హామీ ముద్ర పొందిన మొదటి కొద్ది వైన్లలో ఇదొకటైంది. ఇవాళ బ్రునెల్లో తోటలు దాదాపు 2,100 హెక్టార్లు, అంటే 5 వేల ఎకరాలకు పైమాటే. తయారీదారులు రెండు వందల మందికి పైగా ఉన్నారు. సగపాలుకు చేసిన తండ్రుల బిడ్డలు కొందరు సొంత పేరుతో సీసాలు అమ్ముతున్నారు. నాలుగేళ్లు చేతిలో డబ్బాడక ఇబ్బంది పడకుండా 1984లో మరో వెసులుబాటు తెచ్చుకున్నారు. అదే ద్రాక్షతో ఏడాది తిరక్కుండానే అమ్ముకునే ‘రోస్సో ది మోంతాల్చీనో’కు గుర్తింపు సాధించుకున్నారు. తోట ఖర్చులు రోస్సో చూసుకుంటే, పేరు బ్రునెల్లో నిలబెడుతుంది.

డబ్బొచ్చాక పరీక్ష కూడా వచ్చింది. కొందరు తయారీదారులు వేరే ద్రాక్ష కలుపుతున్నారన్న ఆరోపణతో 2008లో అధికారులు విచారణ మొదలుపెట్టి, లక్షల లీటర్ల వైన్‌ను కదలకుండా ఆపేశారు. విదేశీ మార్కెట్లో రంగు, మృదుత్వం కావాలంటున్నారు కదా, నిబంధన కాస్త సడలిద్దామన్న వాదన బలంగానే వినిపించింది. అదే ఏడు అక్టోబరులో సంఘం సభ్యులు ఓటేశారు. నూటికి తొంభైకి పైగా ఓట్లు ఒక్క సాంజొవేజెకే పడ్డాయి. మూడేళ్లకు రోస్సో విషయంలోనూ అదే తీర్పు చెప్పారు. ఒక్క రకం మీదే ఆధారపడితే వాన ముంచిన ఏడు, ఎండ మండిన ఏడు దాచుకోవడానికి చాటుండదు. ఆ సంగతి తెలిసే ఓటేశారు కాబట్టి ఆ ఓటుకు విలువ.

మోంతాల్చీనో వచ్చి ఒక్క నేలమాళిగయినా చూడకపోతే రాక అసంపూర్ణం. బయట ఎండ కాస్తున్నా లోపల చలి. పులిసిన ద్రాక్ష, తడి చెక్క కలిసిన వాసన. పాత పద్ధతి వదలని ఇళ్లలో క్రొయేషియాలోని స్లవోనియా ఓక్ చెక్కతో చేసిన పీపాలుంటాయి. ఒక్కొక్కటి మనిషి కన్నా ఎత్తు. మూడు వేల లీటర్ల నుంచి పది వేల లీటర్ల దాకా పడుతుంది. పీపా ముందు చెక్కకు కింద ఒక చిన్న తలుపు ఉంటుంది. పీపా ఖాళీ అయినప్పుడు మనిషి అందులోంచి దూరి లోపల కడగాలి. ఆ తలుపు చూస్తే అందులోంచి మనిషి పడతాడా అనిపిస్తుంది. పడతాడు. ముందు ఒక చెయ్యీ తలా, తర్వాత భుజం వాల్చి దూరతాడు. ఇంత పెద్ద పీపాలో వైన్‌కు చెక్క తగిలేది తక్కువ, అందుకే చెక్క వాసన ద్రాక్షను మింగేయదు. సన్నని రంధ్రాల గుండా గాలి మాత్రం కొద్దికొద్దిగా సోకి, నోరు పొడిబారేట్టు చేసే వగరు నెమ్మదిగా దిగుతుంది. ఆ వగరు దిగడానికే ఇన్నేళ్ల కాపలా.

ఊరికి దక్షిణంగా సుమారు తొమ్మిది కిలోమీటర్లు దిగితే, ఆలివ్ తోటల మధ్య ఒంటరిగా సాంతాంతిమో మఠం. చార్లెమేన్ చక్రవర్తి 781లో స్థాపించాడని ఐతిహ్యం. ఇప్పుడున్న చర్చి నిర్మాణం మొదలైంది 1118లో. ఆ ఏడు వచ్చిన దానశాసనాన్ని పీఠం మెట్ల రాతి మీదే చెక్కారు. గోడలు మామూలు రాయే అయినా మధ్యమధ్య పాలరాయిలా మెరిసే అలబాస్టర్ అనే రాయి వాడారు. ఎండ వాలినప్పుడు ఆ రాళ్లలోంచి తేనె రంగు వెలుగు లోపలికి వస్తుంది. కుడివైపు రెండో స్తంభం తలను చూడటం మరవకండి. బైబిల్‌లోని దానియేలు సింహాల గుహలో చేతులెత్తి ప్రార్థిస్తున్నాడు. చుట్టూ ఉన్న సింహాలు అతన్ని ముట్టలేదు. అదే రాయికి పక్కవైపు తిరిగి చూస్తే, దానియేలు మీద నేరం మోపినవాళ్లను అవే సింహాలు నమిలేస్తున్నాయి. పన్నెండో శతాబ్దంలో దాన్ని చెక్కిన శిల్పి పేరు ఎవరికీ తెలియదు. ఫ్రాన్స్‌లో అతని పని దొరికిన ఊరి పేరుతో ‘కబెస్తానీ శిల్పి’ అని పిలుచుకుంటున్నారు.

తిండి విషయానికి వస్తే, గోధుమపిండీ నీళ్లూ కలిపి చేత్తో పొడవుగా పేనిన ‘పించి’ ఇక్కడి ఇంటింటి వంట. నూడుల్స్ కన్నా లావుగా, ఎగుడుదిగుడుగా ఉంటుంది, కొరికితే పంటికి ఆనుతుంది. శాకాహారులు వెల్లుల్లి, టమాటా పులుసుతో అడిగి వడ్డించుకోవచ్చు. వైన్ అలవాటు లేనివారికి తేనె ఉంది. అడవిని కొట్టకుండా ఉంచినందుకు ప్రతిఫలం అది. చెస్ట్‌నట్ పూల తేనె కాస్త చేదు, అకేసియా తేనె లేత రంగు. రెండూ గొర్రెపాల జున్నుతో కలిపి తింటారు. చౌక్‌లోని ‘ఫియాస్కెత్తెరియా’ కాఫీ దుకాణం 1888 నాటిది, తెరిచింది ఫెర్రుచ్చోనే. ఎర్ర మఖమలు సోఫాలు, పాలరాతి బల్లలు, పాత అద్దాలు, అలాగే ఉన్నాయి. అక్టోబరు చివరి శనాదివారాల్లో వస్తే ఊరి నాలుగు పేటలు బోర్గెత్తో, పియనెల్లో, రూగా, త్రవాల్యో మధ్యయుగపు దుస్తుల్లో ఊరేగి, విలువిద్యలో తలపడటం చూడొచ్చు.

రోమ్ నుంచి కారులో రెండున్నర మూడు గంటల ప్రయాణం. బస్సు మీద వచ్చేవారు ఫ్లోరెన్స్ నుంచి సియెనా చేరి, అక్కడ మరో బస్సు ఎక్కాలి. సియెనా నుంచి గంటంపావు పడుతుంది. ఆదివారాలు, పండగ రోజుల్లో బస్సులు బాగా తక్కువ కనుక వేళలు ముందే చూసుకోవాలి. దగ్గరి రైల్వే స్టేషన్ కొండ కింద బువొన్‌కొన్వెంతోలో ఉంది. పాత ఊళ్లోకి బయటి కార్లకు అనుమతి లేదు, కోట దగ్గర ఆపుకుని నడవాలి. వీధులన్నీ ఏటవాలు రాతి బాటలే, మోకాళ్ల నొప్పులున్నవారు గట్టి బూట్లు వేసుకురండి. నేలమాళిగలు చూడాలంటే ముందుగా ఈమెయిల్ చేసి సమయం తీసుకోవాలి, నేరుగా వెళ్తే చాలాచోట్ల తలుపు తీయరు. రుచి చూశాక కారు నడపకండి. ఇటలీలో మోతాదు మించితే జరిమానా గట్టిది, కొండ రోడ్డు మలుపులు అంతకన్నా గట్టివి. మే, జూన్, సెప్టెంబరు, అక్టోబరు నెలలు అనుకూలం. కోతలు చూడాలనుకుంటే సెప్టెంబరు రెండో సగంలో రండి. సీసా కొనేటప్పుడు లేబుల్ మీద కాపు సంవత్సరం చదివి కొనండి. భారత్‌కు తిరిగొచ్చే ప్రయాణికుడు సుంకం లేకుండా తెచ్చుకోగలిగేది రెండు లీటర్లు. 750 మిల్లీలీటర్ల సీసాలైతే రెండు పడతాయి, చెకిన్ సామానులోనే పెట్టుకోవాలి.